పాత సున్నం గోడకు సున్నంతోనే మరమ్మతు: మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలి

తాతల నాటి ఇల్లు ఉన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒక్కటే. "గోడ కింది భాగం రాలిపోతోంది, సిమెంటు కొట్టిస్తే చౌడు ఇంకా పైకి ఎక్కింది, ఏం చేయాలి?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు, మా ఇంటి గోడల మీద నేర్చుకున్నదంతా ఒకచోట పెడుతున్నాను.

మాది గోదావరి జిల్లాలో మండువా లోగిలి. సన్నటి పాత ఇటుకలు, గానుగ సున్నంతో కట్టిన గోడలు. చెమ్మ వస్తోందని ఒక మేస్త్రి మాట విని మూడడుగుల ఎత్తు వరకు సిమెంటు పూత వేయించాం. రెండు వానాకాలాలు గడిచేసరికి చెమ్మ ఆ మూడడుగులు దాటి పైకి వచ్చింది. ఒకరోజు పూతను వేలితో కొడితే డొల్ల శబ్దం వచ్చింది. ఉలి మొన పెట్టి కదిపితే అరచేయంత పెచ్చు ఊడి చేతిలో పడింది. దాని వెనక ఇటుక ముఖం మొత్తం అతుక్కుని ఉంది. గోడలో మిగిలిన ఇటుకను గోటితో గీకితే కుంకుమలా రాలింది. ఆ పెచ్చు ఇప్పటికీ దాచి ఉంచాను, సిమెంటు వేస్తానన్న ప్రతి ఒక్కరికీ చూపించడానికి.

కారణం రెండు మాటల్లో: పాత గోడలోకి నేల చెమ్మ ఎక్కుతుంది, సున్నం గుండా ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. నీళ్లు, ఉప్పు ఇటుకలోనే చిక్కుకుని ఇటుకను లోపలి నుంచి పగలగొడతాయి. 1591లో కట్టిన చార్మినార్ నిలిచింది సున్నంతోనే. హైదరాబాద్‌లో కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పునరుద్ధరణలో ఇరవయ్యో శతాబ్దంలో వేసిన సిమెంటు పొరలు ఊడదీసి మళ్లీ సున్నపు పూతే వేశారు. అంతకంటే సిద్ధాంతం మనకు అవసరం లేదు.

ముందుగా: ఇది మీరు చేయదగ్గ పనేనా?

గోడ ఒరిగినా, పగులు ఇటు నుంచి అటు కనిపిస్తున్నా, దూలం కింద గోడ నలిగినా ముందు స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. పగులు పాతదో, ఇంకా పెరుగుతోందో తెలియకపోతే దాని రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి, వెడల్పు కూడా కొలిచి పక్కనే రాయండి. రెండు మూడు నెలలు చూడండి. పెరుగుతున్న పగులును ఏ సున్నమూ ఆపదు.

మీ కట్టడం రక్షిత కట్టడమైతే చేయి పెట్టవద్దు. కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు మీ సొంత ఇల్లు ఉన్నా, ఆ తర్వాతి 200 మీటర్లలో ఉన్నా, మరమ్మతుకు ముందు అనుమతి తీసుకోవాలి.

కావలసినవి

సున్నం. కాలిన సున్నపు గడ్డలు దొరికితే అన్నిటికంటే మేలు. పల్నాడులో పిడుగురాళ్ల సున్నం బట్టీలకు పేరున్న ఊరు, తీరప్రాంతంలో గుల్ల సున్నం కూడా దొరుకుతుంది. గడ్డ సైజుకు తగ్గ బరువు లేకుండా తేలిగ్గా ఉండాలి, రెండు గడ్డలు తాకిస్తే ఖంగుమనాలి. సంచిలో సగం పొడిగా రాలిపోయి ఉంటే అది గాలికి చచ్చిన సున్నం, తీసుకోవద్దు. గడ్డలు దొరకకపోతే సంచుల్లో అమ్మే సున్నపు పొడి వాడవచ్చు. సంచి మీద ఐఎస్ 712 అని, తరగతి ఏదో రాసి ఉంటుంది. 'సి' తరగతి అంటే మెత్తని కొవ్వు సున్నం. పూతకు, వెల్లకు అది. 'బి' తరగతి కొంత తనంతట తాను గట్టిపడే రకం. కట్టుబడికి అది.

ఇసుక. పదునైన గరుకు ఇసుక, సన్నవీ లావువీ కలిసి ఉన్నది. సముద్రపు ఇసుక వద్దు, అందులో ఉప్పు ఉంటుంది.

ఇటుక పొడి, అంటే సుర్కీ. చెమ్మ ఉన్న చోట, పునాది దగ్గర, డాబా మీద ఇది కావాలి. తక్కువగా కాలిన పాత ఇటుకల్ని దంచి జల్లించాలి. నల్లగా మాడిన ఇటుక పొడి ఇసుకలా పడి ఉంటుందే తప్ప సున్నంతో కలిసి గట్టిపడదు.

పనిముట్లు: ఉలి, తేలిక సుత్తి, తాపీ, ఇటుకల మధ్య సందు కంటే సన్నగా ఉండే ఇనుప పట్టీ, కొబ్బరి పీచు బ్రష్షు, జల్లెడ, రుద్దే చెక్క, గోనె సంచులు, నీళ్లు చిమ్మే స్ప్రేయర్.

ఇక కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్స్. వీటిలో రాజీ లేదు. కంట్లో సున్నం పడితే చూపు పోవచ్చు. పడిన వెంటనే శుభ్రమైన నీటిధార కింద కనీసం 20 నిమిషాలు కన్ను కడుగుతూనే ఉండి, తర్వాత ఆసుపత్రికి పరుగెత్తాలి. కడగకుండా ముందు ఆటో కోసం చూడవద్దు. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వవద్దు.

ఎప్పుడు చేయాలి

కార్తీకం నుంచి శివరాత్రి లోపు. వడగాలిలో సున్నం గట్టిపడకుండానే ఎండి పొడైపోతుంది. ముసురులో అసలు గట్టిపడదు. ఎండాకాలంలో తప్పదనుకుంటే తెల్లవారుజామున, పందిరి వేసి, తడి గోనెలు కట్టి చేయండి.

దశ 1. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి

ఇది వదిలేస్తే మిగతా శ్రమంతా వృథా. చూరు నీళ్లు గోడ మొదట్లో పడుతున్నాయా? పక్కన రోడ్డు ఎత్తు పెరిగి మీ గడప కిందికి పోయిందా? బాత్రూమ్ పైపు కారుతోందా? గోడ చుట్టూ సిమెంటు గచ్చు పోశారా? మా ఇంట్లో తప్పు రెండు చోట్ల దొరికింది. చూరు కింద కాలువ పూడిపోయింది, దొడ్డివైపు మట్టి గోడ మీదికి ఒకటిన్నర అడుగు పేరుకుంది. అవి రెండూ సరిచేశాక ఒక్క వేసవిలోనే చెమ్మ సగానికి సగం దిగింది. పూత పని ఆ తర్వాతే మొదలుపెట్టాం.

దశ 2. పాత మాలు ఏమిటో తెలుసుకోండి

మాలు అంటే ఇటుకల మధ్య, పూతలో వేసే ముద్ద. దాని రంగు తెలుపు లేదా మీగడలా ఉండి, కత్తి మొనతో గీస్తే రాలితే సున్నం. బూడిద రంగులో ఉండి కత్తిని లెక్కచేయకపోతే సిమెంటు. నిమ్మరసం వేస్తే నురగ వస్తుంది కదా అని చాలామంది దాన్నే నమ్ముతారు, కానీ పాతబడిన సిమెంటు కూడా నురగ ఇస్తుంది. కాబట్టి ఆ పరీక్ష ఒక్కటే చాలదు.

పాత మాలులో ఇసుక ఎంతుందో కూడా చూడవచ్చు. ఎండ తగలని లోపలి సందు నుంచి పిడికెడు మాలు తీసి, నలిపి, తూచి, ఆరుబయట గాజు సీసాలో వేసి బాత్రూమ్ యాసిడ్ కొద్దికొద్దిగా పోయండి. సున్నం కరిగిపోతుంది. పొంగడం ఆగాక అడుగున మిగిలినదాన్ని నాలుగైదుసార్లు కడిగి ఆరబెట్టి మళ్లీ తూచండి. మిగిలింది ఇసుక, సుర్కీ. దాని రంగు, గరుకుతనం చూసి అలాంటి ఇసుకే వెతకండి. గుల్లలు, సున్నపురాతి ముక్కలు కలిసిన ఇసుకైతే అవి కూడా కరిగిపోతాయి కనుక ఈ లెక్క తప్పుతుంది. ఇనుప గిన్నెలో చేయవద్దు, ఆవిరి పీల్చవద్దు.

దశ 3. సున్నం నానబెట్టండి

ఇనుప డ్రమ్ము గానీ, ఇటుకతో కట్టిన తొట్టి గానీ తీసుకోండి. ప్లాస్టిక్ బకెట్ వేడికి కరుగుతుంది. అల్యూమినియం గిన్నె అసలు వద్దు, సున్నం దాన్ని తినేసి మండే వాయువు వదులుతుంది.

ముందు నీళ్లు పోసి, అందులో గడ్డలు కొద్దికొద్దిగా వేయండి. గడ్డల మీద నీళ్లు ఎప్పుడూ పోయవద్దు, పేలినట్టు చిమ్ముతుంది. గడ్డలకు మూడు రెట్లు నీళ్లు ఉంచండి. నిమిషాల్లో సలసలా మరుగుతుంది. పొడవాటి కర్రతో కలుపుతూ దూరంగా నిలబడండి. అడుగు కనబడేలా నీళ్లు ఇంకిపోతే ఇంకా పోయండి.

చల్లారాక సన్న జల్లెడలో వడకట్టి, కాలని రాళ్లు తీసేసి, పైన బెత్తెడు నీళ్లు నిలిచేలా మూతపెట్టి వదిలేయండి. కట్టుబడికి కనీసం రెండు వారాలు, పూతకు మూడు నెలలు. ఎంత నానితే అంత వెన్నలా అవుతుంది. తొందరపడితే ఏమవుతుందంటే, ఉడకని చిన్న గడ్డలు గోడలోకి వెళ్లాక విచ్చుకుని పూత మీద గుంటలు పడతాయి.

సంచి సున్నమైతే నీళ్లలో కలిపి ఒక రోజు మొత్తం నాననివ్వండి. 'బి' తరగతి సున్నాన్ని మాత్రం నెలలు నిల్వ చేయవద్దు, తొట్టిలోనే బిగుస్తుంది.

దశ 4. ఇసుక పరీక్ష, పాళ్లు

గాజు సీసాలో సగం ఇసుక, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి గంటసేపు కదపకుండా ఉంచండి. పైన తేలిన మట్టి గీతలా ఉంటే పర్లేదు. వేలి మందం ఉంటే కడిగి వాడండి.

పాళ్లు ఇలా తేలుతాయి. బాగా ఎండిన ఇసుక ఒక లీటరు కొలిచి, పైదాకా తడిసేలా నీళ్లు పోయండి. పట్టిన నీళ్లే ఆ ఇసుకలోని ఖాళీ. సున్నం పని ఆ ఖాళీ నింపడమే. 330 మిల్లీలీటర్లు పడితే ఒక పాలు సున్నం ముద్దకు మూడు పాళ్లు ఇసుక. 400 పడితే ఒకటికి రెండున్నర. ఊళ్లో ఎవరో చెప్పిన పాళ్ల కంటే ఈ కొలత నమ్మదగ్గది.

చెమ్మ ఉన్న చోటికి ఒక పాలు సున్నం, ఒక పాలు సుర్కీ, రెండు పాళ్లు ఇసుకతో మొదలుపెట్టండి.

దశ 5. మాలు దంచండి

పూర్వం ఎద్దు గానుగ చుట్టూ తిరుగుతూ గంటలకొద్దీ సున్నం నూరేది. మీకు గానుగ అక్కర్లేదు గానీ నూరుడు తప్పదు. ఇసుక, సున్నం ముద్ద కలిపి దిమ్మిసతో కొట్టండి. మొదట పొడిపొడిగా ఉండి "నీళ్లు పోయాలేమో" అనిపిస్తుంది. పోయవద్దు. పావుగంట కొట్టేసరికి సున్నంలోని నీరే బయటికి వచ్చి మాలు జిగురుగా మారుతుంది. తాపీ మీద తీసుకుని తలకిందులు చేస్తే పడిపోకుండా పట్టుకోవాలి. అప్పుడే అయినట్టు. నీళ్లు పోసి మెత్తబరిచిన మాలు ఆరేటప్పుడు ముడుచుకుని నెర్రెలు విడుస్తుంది.

సుర్కీ లేని సున్నం మాలును తడి గోనె కప్పి వారాలపాటు ఉంచుకోవచ్చు, వాడే ముందు మళ్లీ దంచితే చాలు. సుర్కీ కలిపింది మాత్రం ఆ రోజే వాడేయాలి.

కరక్కాయ, బెల్లం నీళ్ల గురించి అందరూ అడుగుతారు. మన పెద్దలు వాడారు, పనిచేస్తాయి, కానీ అవి లేకపోతే గోడ నిలవదన్నది నిజం కాదు. వాడాలనుకుంటే కరక్కాయలు దంచి కొన్ని రోజులు నానబెట్టి, బెల్లం కలిపి, వడకట్టిన నీళ్లు కొద్దిగా చేర్చండి. మట్టికుండలో నానబెట్టండి. నేను మొదటిసారి ఇనుప తట్టలో నానబెట్టాను. తెల్లారేసరికి నీళ్లు సిరాలా నల్లబడ్డాయి, మొత్తం పారబోశాను. బెల్లం ఎక్కువైతే మాలు గట్టిపడటం ఆలస్యమవుతుంది, చీమలు పడతాయి. ముందు అడుగు చదరం మేర నమూనా వేసి చూడండి.

దశ 6. సందులు నింపడం

పాడైన మాలును ఉలితో, చేత్తో తీయండి. గ్రైండర్ మిషను వద్దు. అది ఇటుక అంచుల్ని కోసేస్తుంది, ఆ గాటు మళ్లీ పూడదు. లోతు సందు వెడల్పుకు రెండింతలు, ఎలా చూసినా 25 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గట్టిగా ఉన్న పాత సున్నాన్ని కదిలించవద్దు.

దుమ్ము దులిపి, ముందురోజు సాయంత్రం ఒకసారి, పని మొదలుపెట్టే అరగంట ముందు ఒకసారి గోడ తడపండి. ఇటుక తడిగా ఉండాలి గానీ మెరవకూడదు. ఈ ఒక్క పని ఎగ్గొట్టడం వల్ల పాడైన మరమ్మతులే నేను ఎక్కువగా చూశాను. పొడి ఇటుక మాలులోని నీరంతా లాగేసుకుంటుంది, మాలు ఇసుకలా మిగులుతుంది.

మాలును ఇనుప పట్టీతో లోపలికి కూరండి. పైపైన పులమవద్దు. లోతు ఎక్కువైతే ఒకే దఫా నింపకుండా రెండు మూడు పొరలుగా, మధ్యలో ఒకటి రెండు రోజులు ఆగి నింపండి. పెద్ద గుంటల్లో తడిపిన ఇటుక ముక్కలు మాలుతో కలిపి కుదించండి. ఇటుక ముఖం కంటే వెంట్రుకవాసి లోపలికి ఆపండి.

మర్నాడు బొటనవేలి గోరుతో నొక్కితే గీత మాత్రమే పడే స్థితికి వచ్చాక, కొబ్బరి పీచు బ్రష్షు కొసలతో సందుల్ని టకటకా పొడవండి. మాలు గట్టిగా కూర్చుంటుంది, ముఖం గరుకై గాలి ఆడుతుంది.

దశ 7. పూత

ముందు చౌడు తీయాలి. పొడిగా బ్రష్షుతో దులిపి, కింద పడిన ఉప్పును కాగితం మీద పట్టి బయట పారేయండి. నీళ్లతో కడిగితే అది మళ్లీ గోడలోకే పోతుంది. బాగా పట్టి ఉంటే ఇసుక, బంకమట్టి, కాగితం గుజ్జు కలిపి రెండు సెంటీమీటర్ల మందాన పట్టులా వేసి, పూర్తిగా ఎండాక ఊడదీయండి. ఉప్పు దాంతోపాటు వస్తుంది. రెండు మూడుసార్లు వేయాల్సి రావచ్చు.

మొదటి పొర 8 నుంచి 10 మిల్లీమీటర్లు. తాపీతో విసిరి వేయండి, సన్నగా కోసిన జనుము పీచు కలిపితే నెర్రెలు తగ్గుతాయి. పైన అడ్డదిడ్డంగా గీతలు గీయండి. వేలితో నొక్కితే గుంట పడనంత గట్టిపడేదాకా, సాధారణంగా వారం పది రోజులు ఆగి రెండో పొర. చివరి పొర సన్నగా జల్లించిన ఇసుకతో రెండు మూడు మిల్లీమీటర్లే. పాతకాలపు నునుపు కావాలంటే ఆ పొర బిగుస్తున్నప్పుడు నున్నటి గులకరాయితో ఓపిగ్గా రుద్దండి. పై పొర కింది పొర కంటే ఎప్పుడూ పలుచగా, మెత్తగా ఉండాలి.

మర్నాడు సన్న నెర్రెలు కనిపిస్తే టెన్షన్ పడవద్దు. నీళ్లు చిలకరించి చెక్కతో గట్టిగా రుద్దితే మూసుకుపోతాయి.

దశ 8. తడి, నీడ

తడి గోనెలు గోడకు అంటకుండా, జానెడు దూరంలో వేలాడదీయండి. మొదటి వారం రోజుకు మూడు నాలుగుసార్లు సన్నగా చిమ్మండి. సుర్కీ ఉంటే రెండు వారాలు. సిమెంటుకు కొట్టినట్టు పైపుతో నీళ్లు కొట్టవద్దు. సున్నం గట్టిపడటానికి గాలి కూడా కావాలి, నిత్యం నానుతున్న గోడలోకి గాలి వెళ్లదు. తడిసి, కొంచెం ఆరి, మళ్లీ తడవాలి.

మేస్త్రి సిమెంటు కలుపుతానంటే

తప్పకుండా అంటారు. మా మేస్త్రి గారు కూడా మూడో రోజు అన్నారు: "బాబుగారూ, రెండు తాపీల సిమెంటు వేస్తే రేపటికి రాయైపోద్దండి." నేను పెచ్చు తెచ్చి చేతిలో పెట్టాను. తిప్పి తిప్పి చూసి, "ఇటుక గీరుకుపోయిందండీ" అన్నారు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. కొద్దిపాటి సిమెంటు కలిపితే సున్నానికి ఉన్న మెత్తదనమూ పోతుంది, సిమెంటుకు ఉన్న బలమూ రాదు. తెల్ల సిమెంటు కూడా సిమెంటే. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చెమ్మ గోడకు పనికిరాదు. విదేశాల్లో ఉన్నవాళ్లకు, దిగుమతి సరుకు కొనేవాళ్లకు ఎన్‌హెచ్‌ఎల్ అనే సహజ జల సున్నం, అంటే నీళ్లు తగిలితే తనంతట తాను గట్టిపడే రకం, దొరుకుతుంది. 2, 3.5, 5 అని రకాలు. మెత్తటి పాత ఇటుకకు 5 మరీ గట్టిది, జోలికి పోవద్దు.

అయిందో లేదో ఎలా తెలుస్తుంది

రెండు వారాల తర్వాత అరచేతితో రుద్దండి. చేతికి కొంచెం తెల్లగా అంటితే మామూలే. ఇసుక రేణువులు రాలితే త్వరగా ఎండిపోయిందని అర్థం. ఆ భాగం గీకి మళ్లీ వేయాలి, పైన ఏం పూసినా లాభం లేదు.

వేలి కణుపుతో తట్టండి. డొల్ల శబ్దం వచ్చిన చోట పొర పట్టలేదు.

లోపలిదాకా గట్టిపడిందా అన్నది చూడాలంటే చిన్న ముక్క విరిచి, విరిగిన ముఖం మీద ఫినాఫ్తలీన్ చుక్క వేయండి, సైన్స్ ల్యాబ్ సామాన్లమ్మే షాపులో దొరుకుతుంది. గులాబీ రంగు వచ్చినంత మేరా సున్నం ఇంకా పచ్చిదే. రంగు రాని అంచు మాత్రమే గాలి పీల్చి రాయిగా మారింది. ఆ అంచు నెలకు ఒక మిల్లీమీటరు అటూ ఇటూగా లోపలికి వెళుతుంది. కాబట్టి నెలకే మేకులు కొట్టడం, బీరువా ఆనించడం వద్దు.

చివరిగా వెల్ల

ప్లాస్టిక్ పెయింటు, వాల్ పుట్టీ వేస్తే ఇంతవరకు చేసిందంతా మూసేసినట్టే. నానిన సున్నాన్ని గుడ్డలో వడగట్టి, పాలంత పలుచగా చేసి, తడిపిన గోడ మీద రోజుకొక పొర చొప్పున నాలుగైదు పొరలు వేయండి. వేసేటప్పుడు నీళ్లు పూసినట్టే ఉంటుంది, ఏమీ కనబడటం లేదని చిక్కగా వేయకండి, పెచ్చులూడుతుంది. మర్నాటికి అదే తెల్లబడుతుంది. చేతికి అంటకుండా తుమ్మజిగురు కొద్దిగా, మెరుపుకు చిటికెడు నీలిమందు కలపవచ్చు.

మొదటి వానాకాలం వెళ్లాక గోడ మొదట్లో మళ్లీ కాస్త ఉప్పు పూస్తుంది, వెల్ల అక్కడక్కడ రాలుతుంది. గోడలో మిగిలిన ఉప్పు ఇటుకను వదిలి పూతలోకి వస్తోందన్నమాట. దులిపేసి, ఆ మేరకు మళ్లీ వెల్ల వేయండి. మా దొడ్డివైపు గోడకు మూడేళ్లు ఇలాగే చేశాం. నాలుగో ఏడు బ్రష్షుకు ఏమీ రాలేదు.